త్రినాథం గారి చరుపు

జిల్లా తూముల కార్యాలయంలో పొద్దున్నే జరిగే మొదటి పని ఇది. సీనియర్ అసిస్టెంటు త్రినాథం గారు మూలగదిలోకి వెళ్ళి, చొక్కా చేతులు పైకి మడిచి, అక్కడున్న పాత కంప్యూటరు మానిటరు ఎడమ చెంప మీద అరచేత్తో ఒక్క చరుపు చరుస్తారు. ఆ తర్వాతే ఆ జిల్లాలో ప్రభుత్వం మొదలవుతుంది.

ఆ మానిటరు వెనకాల బానంత పొట్ట ఉన్న పాతకాలం రకం. సగం బల్ల దానిదే. స్విచ్చి వేస్తే తెర నడిమధ్యన అడ్డంగా ఒక తెల్లటి గీత వస్తుంది. అంతే, ఇంకేమీ రాదు. కాలువ తూముల పేర్లు, వాటి తలుపుల కొలతలు, సిబ్బంది సర్వీసు వివరాలు, మొత్తం శాఖంతా ఆ గీతలో ఇరుక్కుని కూర్చుంటుంది. త్రినాథం గారు చరిచారంటే గీత కాస్తా పైకీ కిందకీ విచ్చుకుని తెర నిండా పరుచుకుంటుంది. సాయంత్రం ఆపేస్తే మర్నాడు మళ్ళీ గీతే.

ఆ చరుపు ఇంకెవరి చేతికీ పట్టుబడలేదు. ఒకసారి ఆయన సెలవులో ఉంటే టైపిస్టు విజయశ్రీ ధైర్యం చేసి కొట్టింది. ఉన్న గీత కూడా పోయింది. ఆయన్ని ఇంటినుంచి జీపు పంపి పిలిపించారు. ఆ రోజు తినే అన్నం మధ్యలో వదిలేసి వచ్చిన సంగతి త్రినాథం గారు ఇప్పటికీ చెప్పుకుంటారు, బాధపడుతున్నట్టు మొహం పెట్టి.

నిజానికి దాన్ని బాగు చేయడం పెద్ద పనేం కాదు. బస్టాండు దగ్గర టీవీలు రిపేరు చేసే అబ్బులు ఏళ్ళ కిందటే వచ్చి చూశాడు. "లోపల టంకం పట్టు వదిలేసిందండి. తట్టినప్పుడు అతుక్కుంటాది, చల్లారితే ఊడిపోద్ది. మళ్ళీ టంకం వేస్తే చిటికెలో అయిపోద్దండి ఆయ్," అన్నాడు. అబ్బులేం ధర్మాత్ముడు కాదు. దాని వెనక ఉన్న రాగి తీగచుట్ట మీద వాడి కన్నుంది, ఎప్పటికైనా తుక్కులో వేస్తే తనకే వస్తుందని ఆశ. అయినా ఆ మాట మాత్రం నిజమే చెప్పాడు. త్రినాథం గారే వద్దన్నారు. అది బాగుపడితే స్విచ్చి ఎవరైనా వేసుకోవచ్చు. అప్పుడు ఆయన ఒట్టి సీనియర్ అసిస్టెంటే, ఇంకేం మిగలదు.

ఇలా ఉండగా ఆయన కళ్ళకి మసక కమ్మింది. మొదట ఫైళ్ళ మీది అక్షరాలు అలుక్కుపోయాయి. ఆ తర్వాత మనుషులు. ఒకనాటి సాయంత్రం పెరట్లో దండెం మీద ఆరేసిన చొక్కాని చూసి "రండి సార్, కూర్చోండి, కాఫీ తెప్పిస్తాను" అన్నారు. చొక్కా కూర్చోలేదు గానీ, ఆయన భార్య మంగతాయారు మాత్రం అరుగు మీద కూలబడిపోయింది. మర్నాడే కంటాసుపత్రికి లాక్కెళ్ళింది. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయాయనీ, లోపలి కటకం తీసి కొత్తది పెట్టాలనీ, ఆలస్యం చేస్తే ఉన్న చూపు కూడా పోతుందనీ డాక్టరు గట్టిగానే చెప్పాడు.

ఆపరేషనుకి శాఖ ముందుగా మంజూరు ఇవ్వాలి. మంజూరు లేకుండా చేయించుకుంటే పింఛనుకి చిక్కు, పదవీ విరమణ చూస్తే వచ్చే ఏడాదే. మంజూరు కావాలంటే సర్వీసు పత్రం అచ్చు తీసి జతపరచాలి. ఆ పత్రం ఎక్కడుంది? గీతలో ఉంది. "దానికేం, సోమవారం పొద్దున్న ఒక్క చరుపు, ఒక్క అచ్చు," అన్నారు త్రినాథం గారు భార్యతో, చాలా తేలిగ్గా.

సోమవారం పొద్దున్న ఆయన చెయ్యెత్తారు. చెయ్యి గాల్లో ఉండగానే వెనకనుంచి కేక వినపడింది.

"ఆగండి! చెయ్యి దించండి! దూరంగా జరగండి!"

కేక వేసింది జిల్లా తూముల అధికారి చక్రధర్ గారు. కొత్తగా వచ్చారు. నిబంధనల పుస్తకం దిండు కింద పెట్టుకుని పడుకుంటారని ప్రతీతి. ఆయన చేతిలో రాజధాని నుంచి అప్పుడే వచ్చిన ఉత్తర్వు రెపరెపలాడుతోంది. ఈ ఏడాదిని "వారసత్వ వత్సరం"గా ప్రకటించారు. ఎవరో పెద్దవాళ్ళు విదేశంలో ఒక పాత రైలుపెట్టెని అద్దాల గదిలో చూసి చలించిపోయి వచ్చారట. దాని ఫలితం ఇక్కడ తేలింది. చక్రధర్ గారు గొంతు సవరించుకుని చదివారు.

"పాతికేళ్ళు పైబడి ఒకే చోట ఒకే పని చేయుచున్న ప్రతి కార్యాలయ వస్తువూ వారసత్వ సంపదగా పరిగణింపబడును. సదరు వస్తువును విప్పుట, మరమ్మతు చేయుట, మూల భాగమును తొలగించి కొత్త భాగమును అమర్చుట, స్థానభ్రంశము చేయుట, కొట్టుట నిషిద్ధము. ఉల్లంఘించువారు శిక్షార్హులు." ఆయన కళ్ళజోడు తీసి, "కొట్టుట, త్రినాథం గారూ. స్పష్టంగా ఉంది," అన్నారు.

"నేను కొట్టడం లేదండి, చరుస్తున్నాను."

"చరుచుట కొట్టుటలో అంతర్భాగం."

"మరి నా సర్వీసు పత్రం అండి? కళ్ళ ఆపరేషను..."

"తెర మీద ఏది కనిపిస్తే అది అచ్చు తీసుకోండి. నాకేమీ అభ్యంతరం లేదు."

తెర మీద గీత ఉంది. త్రినాథం గారికి ఆ గీత కూడా రెండుగా కనబడింది.

మధ్యాహ్నానికి మానిటరు చుట్టూ ఎర్ర తాడు కట్టారు. "వారసత్వ వస్తువు సంఖ్య ఒకటి" అని ఇత్తడి పలక బిగించారు. దుమ్ము తుడవకూడదన్నారు, ఎందుకంటే అది కూడా పాతికేళ్ళ నాటిదే. త్రినాథం గారు సిగ్గు విడిచి అబ్బులుని పిలిపించారు. అబ్బులు టంకం కడ్డీతో సహా పరిగెత్తుకొచ్చాడు.

"వెనక మూత విప్పుతానండి, లోపల నిలవున్న కరెంటు భూమిలోకి వదిలేస్తానండి, టంకం వేస్తానండి. తమరు టీ తాగేలోపు..."

"విప్పుట!" అన్నారు చక్రధర్ గారు, వేలెత్తి.

"పోనీ విప్పనండి. కొత్త పలక మానిటరొకటి తెచ్చి ఈ తీగ దానికి తగిలిస్తే పేపరొచ్చేస్తాదండి. దీన్ని ముట్టుకోనే ముట్టుకోను."

"తీగ వస్తువులో భాగం. ఆ తీగను దీని నుంచి ఊడబీకి పరాయి యంత్రానికి తగిలించుట అంగవిచ్ఛేదనమగును." చక్రధర్ గారి గొంతులో నిజంగానే బాధ పలికింది. "మనమేం రాక్షసులమా అబ్బులూ?"

అబ్బులు ఆయన్నీ, మానిటరునీ, టంకం కడ్డీనీ మార్చి మార్చి చూసి, "తమరి చిత్తమండి," అని వెళ్ళిపోయాడు.

చక్రధర్ గారు దుర్మార్గుడేం కాదు, ఆ మాట చెప్పుకోవాలి. త్రినాథం గారి కళ్ళ సంగతి విని జాలిపడ్డారు కూడా. జాలిపడి, రాజధానికి వివరణ కోరుతూ లేఖ రాశారు. జవాబు వచ్చేసరికి వీధి చివర వేపచెట్టు త్రినాథం గారికి కనబడటం మానేసింది. జవాబులో ఇలా ఉంది: "పనిచేయు స్థితిలో ఉన్న వారసత్వ వస్తువును అదే స్థితిలో కాపాడవలెను. అందుకు అనాదిగా ఆచరణలో ఉన్న సంప్రదాయ పద్ధతులు ఏవైనా ఉన్నచో, నిపుణుల ధ్రువీకరణ పిమ్మట కొనసాగించవచ్చును."

చదివి చక్రధర్ గారు ఎగిరి గంతేసినంత పని చేశారు. "మీ చరుపు సంప్రదాయమని రుజువైతే చాలు!"

ఆ రుజువు చేయడానికి వారసత్వ ప్రత్యేకాధికారిణి డాక్టర్ హైమవతి గారు రాజధాని నుంచి దిగారు. చేనేత చీర, మెళ్ళో మట్టిపూసలు, వెంట కెమెరాలు పట్టుకున్న ఇద్దరు. త్రినాథం గారిని మానిటరు ముందు నిలబెట్టి చాలాసేపు చుట్టూ తిరిగి చూశారు.

"ఈ విద్య మీకు ఎవరి దగ్గర నుంచి సంక్రమించింది?"

"ఎవరూ నేర్పలేదండి. ఓసారి కోపమొచ్చి కొట్టాను."

"ఆగ్రహ మూలం," అన్నారావిడ కెమెరా వైపు తిరిగి. "చరిచే ముందు ఉపవాసం ఏమైనా ఉంటారా?"

"లేదండి. ఇడ్లీ తిని వస్తాను."

"సాత్విక ఆహారం," అన్నారావిడ. "ఇప్పుడు ప్రదర్శించండి."

ఎర్ర తాడు విప్పారు. త్రినాథం గారు చొక్కా చేతులు మడిచారు. కళ్ళకి సరిగ్గా ఆనకపోయినా ఆ చెంప ఎక్కడుందో ఆయన చేతికి తెలుసు. ఒక్క చరుపు. గీత విచ్చుకుని తెర నిండింది. గదంతా చప్పట్లు. డాక్టర్ హైమవతి గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ సందడిలోనే త్రినాథం గారు విజయశ్రీ చేత తన సర్వీసు పత్రం అచ్చు తీయించారు. అరచెయ్యి చుర్రుమంటున్నా నవ్వు ఆపుకోలేకపోయారు. దరఖాస్తు ఆ సాయంత్రమే రాజధానికి వెళ్ళింది.

ఆ తర్వాత రోజులు ఆయనకి నిజంగా పండగలా గడిచాయి. "సంప్రదాయ చరుపు విద్య" చూడటానికి పొరుగు జిల్లాల నుంచి ఉద్యోగులు బస్సులు కట్టుకుని వచ్చారు. శాలువాలు కప్పారు. రెండు పూటలా ప్రదర్శన. మామూలుగా కంప్యూటరు మీద జరగాల్సిన పని మాత్రం ఆగిపోయింది, ప్రదర్శనలో ఉన్న వస్తువు మీద పనిచేయకూడదు కాబట్టి. తూములు తెరవమని అడగడానికొచ్చిన రైతులు కూడా చేతులు కట్టుకుని చరుపు చూసి వెళ్ళారు. త్రినాథం గారు తన కళ్ళ మాట దాదాపు మరచిపోయారు. మంగతాయారు మరచిపోలేదు. ఆయన మజ్జిగనుకుని గంజి తాగుతుంటే చూస్తూ కూర్చునేది ఆవిడే కదా.

చివరికి మంజూరు ఫైలు తిరిగొచ్చింది. చక్రధర్ గారు దాన్ని తెరిచి చదివి, మళ్ళీ చదివి, నెమ్మదిగా మూసేశారు.

"త్రినాథం గారూ, కూర్చోండి. మీకో శుభవార్త."

"మంజూరయిందాండి?"

"అంతకంటే గొప్పది. చరుపును చరిచేవారి నుంచి వేరు చేయడం అసాధ్యమని డాక్టర్ హైమవతి గారు నివేదికలో రాశారు. పైగా మీరు పాతికేళ్ళు పైబడి ఒకే కుర్చీలో ఒకే పని చేస్తున్నారు. కాబట్టి..." ఆయన లేచి నిలబడి చెయ్యి చాచారు. "మీరిక వారసత్వ వస్తువు సంఖ్య రెండు."

త్రినాథం గారు ఆ చేతిని వెతుక్కుని పట్టుకున్నారు. "చాలా సంతోషమండి. మరి ఆపరేషను?"

చక్రధర్ గారు మళ్ళీ ఫైలు తెరిచారు. "కంటిని విప్పి, మూల కటకమును తొలగించి, కృత్రిమ కటకమును అమర్చుట అని డాక్టరు రాశాడు. అదెలా కుదురుతుందండీ? వస్తువు ప్రామాణికతే దెబ్బతింటుంది కదా."

త్రినాథం గారికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక తడుముకుంటూ గుమ్మం వైపు నడిచారు. బీరువా పట్టుకుని అక్కడే నిలబడిపోయారు. చిటికెలో అయిపోద్దండి అన్న అబ్బులు మాట చెవిలో మోగింది. అప్పుడే టంకం వేయించి ఉంటే తనిలా వస్తువయ్యేవాడా? మొదటిసారిగా ఆయనకి తన చరుపు మీద అసహ్యం పుట్టింది.

ఆ సాయంత్రం ఇంటికి బయల్దేరుతుంటే గుమ్మం దగ్గర ప్యూను ఆపేశాడు. వస్తువులు ఆవరణ దాటకూడదు. కబురు అందుకుని మంగతాయారు రిక్షాలో దిగింది. సరాసరి చక్రధర్ గారి గదిలోకి వెళ్ళి నిలబడింది.

"మా ఆయన వస్తువేంటండీ?"

"అమ్మా, అదొక గౌరవం. జిల్లాలో ఇద్దరికే దక్కింది. అందులో ఒకటి మానిటరు."

"ఆ గౌరవం తమరే ఉంచుకోండి. నేను తీసుకుపోతానాయన్ని."

"శాశ్వతంగా కుదరదమ్మా. సాయంత్రం నుంచి పొద్దుటిదాకా అరువు మీద ఇవ్వగలం. ఇక్కడ సంతకం పెట్టండి. తీసుకెళ్ళిన స్థితిలోనే తిరిగి అప్పగించాలి. ఎక్కడా గీతలు పడకూడదు."

మంగతాయారు పెన్ను లాక్కుని సంతకం పెట్టి, తాళి కట్టిన మొగుణ్ణి అరువుకి తెచ్చుకుంది. దారి పొడుగునా ఆయన చెయ్యి వదల్లేదు. "మీ కళ్ళు పోతే నేనెవరికి చెప్పుకోనండీ," అని రిక్షాలో ఏడ్చింది. ఆయన కూడా ఏడ్చారు. మర్నాడు పొద్దున్నే తీసుకొచ్చి అప్పగిస్తే, ప్యూను ఆయన చుట్టూ తిరిగి చూసి, కళ్ళు ఉబ్బి ఉన్నాయని రాసుకున్నాడు.

వారసత్వ వత్సరం ముగింపు ఉత్సవానికి సాక్షాత్తూ కమిషనర్ గారే వచ్చారు. తెల్లటి మొహం, నున్నటి గుండు, గుండ్రటి బుగ్గలు. కార్యాలయమంతా మామిడాకులు కట్టారు. మెళ్ళో ఇత్తడి బిళ్ళతో త్రినాథం గారిని మానిటరు పక్కన నిలబెట్టారు. అప్పటికి ఆయనకి మనుషులు రంగు మరకలుగా మాత్రమే కనబడుతున్నారు. చేతి అలవాటుతోనే నెట్టుకొస్తున్నారు.

"నేనూ వస్తువుతో కలిసి ఫోటో దిగుతాను," అన్నారు కమిషనర్ గారు ముచ్చటపడి. వంగి, మానిటరుని ఆనుకుని, తన మొహం దాని ఎడమ చెంప పక్కనే పెట్టారు. ఎవరూ త్రినాథం గారికి చెప్పలేదు. కెమెరా వాడు "రెడీ" అన్నాడు. త్రినాథం గారి ముందు లేత రంగులో గుండ్రంగా ఏదో ఉంది. ఆయన చొక్కా చెయ్యి మడిచి, ఎన్నడూ లేనంత కసితో ఒక్క చరుపు చరిచారు.

చప్పుడు రోజూ వచ్చేలా రాలేదు. గీత విచ్చుకోలేదు. విచ్చుకున్నవి కమిషనర్ గారి కళ్ళు.

"సస్పెండ్!" అన్నారు కమిషనర్ గారు బుగ్గ పట్టుకుని. "ఈ మనిషిని ఈ క్షణం సస్పెండ్ చేయండి!"

చక్రధర్ గారు అప్పుడు కూడా నిబంధన తప్పలేదు. "క్షమించాలి సార్. ఈయన ఇప్పుడు మనిషి కారు, వస్తువు. వస్తువును సస్పెండ్ చేయుటకు నిబంధన లేదు. వస్తువులు రెండే రకాలు సార్. పనిచేయునవి, పనిచేయనివి."

"అయితే పనిచేయదని రాయండి! పనికిరాదు! చెత్త! తుక్కు! ఏ మాట ఉంటే ఆ మాట రాయండి!"

చక్రధర్ గారు అక్కడే నిలబడి రాశారు. కమిషనర్ గారు ఒక చేత్తో బుగ్గ పట్టుకుని రెండో చేత్తో సంతకం పెట్టారు. సిరా ఆరకముందే చక్రధర్ గారు నిబంధనల పుస్తకం తిరగేసి, ఒక పేజీ దగ్గర ఆగి, ఎవరికీ వినపడకుండా ఊపిరి పీల్చుకున్నారు. జనం వెళ్ళాక త్రినాథం గారి చెవి దగ్గరికొచ్చి మెల్లగా చదివారు.

"పనికిరానిదిగా ప్రకటింపబడిన వస్తువు వారసత్వ రక్షణను కోల్పోవును. సదరు వస్తువును శాఖ ఖర్చుతో విప్పించి, లోపల పనికొచ్చు భాగములేమైనా కలవేమో నిర్ధారింపవలెను." చదివి ఆయన భుజం తట్టారు. "శాఖ ఖర్చు, త్రినాథం గారూ. రేపే వెళ్ళి విప్పించుకోండి."

ఆసుపత్రిలో ఒక కన్ను, ఆ తర్వాత ఇంకో కన్ను విప్పారు. కట్టు తీసిన రోజు త్రినాథం గారు మొట్టమొదట మంగతాయారు మొహం చూశారు. ఆవిడ తలలో అన్ని తెల్ల వెంట్రుకలు ఎప్పుడొచ్చాయో ఆయనకి తెలియదు. చాలాసేపు అలాగే చూస్తూ కూర్చున్నారు. "ఏంటండీ ఆ చూపు," అని ఆవిడ సిగ్గుపడింది.

నల్ల కళ్ళద్దాలతో ఆఫీసుకి వెళితే ఒక సంగతి తెలిసింది. కొత్త కటకాలు పెట్టిన వస్తువు గనుక ఆయన్ని ఆ ఏడాది కొత్తగా కొన్నట్టు రాసుకున్నారు. కొత్త వస్తువు పాత వస్తువు జోలికి వెళ్ళకూడదు. చరిచే పనికి డాక్టర్ హైమవతి గారు ఒక కుర్రాడిని నియమించి, వీడియో చూపించి, కోణాలు కొలిచి శిక్షణ ఇచ్చారు. వాడు పొద్దుటినుంచీ చరుస్తూనే ఉన్నాడు. తెర మీద గీత కదల్లేదు.

త్రినాథం గారు గుమ్మంలో నిలబడి చూశారు. ఇప్పుడు బాగా కనబడుతోంది. మానిటరు ఎడమ చెంప నొక్కుకుపోయి ఉంది. ప్లాస్టిక్ పగిలి, ఆయన అరచెయ్యంత మేర రంగు పూర్తిగా పోయింది. ఇన్నేళ్ళూ చరిచారు గానీ ఆ మచ్చ ఆయనెన్నడూ చూడలేదు.

బయట టీ బడ్డీ దగ్గర అబ్బులు టంకం కడ్డీ సంచీతో కూర్చుని ఉన్నాడు. "ఏటండి, ఇప్పుడైనా నన్ను ముట్టుకోనిస్తారా? చిటికెలో అయిపోద్దండి ఆయ్."

"ముందు పనికిరాదని రాయించాలి అబ్బులూ. ఇక్కడ బాగుపడాలంటే అదొక్కటే దారి."

"ఎట్టా రాయించారండి తమరు?"

"కమిషనర్ గారిని కొట్టాను."

అబ్బులు టీ గ్లాసు కింద పెట్టి, ఆశగా మూలగది కిటికీకేసి చూశాడు. "అయితే ఇది కూడా ఎవర్నన్నా కొడితే..."

లోపల కుర్రాడు మళ్ళీ చరిచాడు. చప్పుడు వినపడి త్రినాథం గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"దానికి చేతకాదురా, పాపం," అన్నారు. "అదెప్పుడూ దెబ్బలు తినడమే గానీ, తిరిగి ఒక్కటి కొట్టడం ఎరగదు."